నాలుగడుగుల షీటుకి ఎంత రైలు కావాలి: రాయగడలో ఒక అల్మరా పని

నేను ఫర్నిచర్ పని చేస్తాను. ఉండేది ఒడిశాలోని రాయగడ. అటు గుణుపురం నుంచి ఇటు మునిగుడ దాకా ఎక్కడ పని దొరికితే అక్కడికి వెళ్తాను. ఈ కేసు మా ఊళ్లోనే, స్టేషన్‌కి దగ్గర్లో ఒక ఇంట్లో జరిగింది. ఇంటాయన రిటైరైన లెక్కల మాస్టారు. రెండో అంతస్తులో ఒక పడకగదికి అల్మరా, పక్కన చిన్న వంటగదికి క్యాబినెట్లు చేయాలి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పదకొండు షీట్లు. సింకు దగ్గరికి మాత్రం నీటికి తట్టుకునే ఐఎస్ 710 మార్కు మెరైన్ ప్లై తెప్పించాను.

ఆ పనిలో నాలుగు ప్యానెళ్లు మళ్లీ కోయాల్సి వచ్చింది. షీటు మంచిదే, బ్లేడు కొత్తదే. తేడా గైడ్ రైలు దగ్గర వచ్చింది, అంటే రంపం తిన్నగా పోవడానికి షీటు మీద పెట్టే అల్యూమినియం పట్టా దగ్గర. ఆ రైలు మీద నడిచే కరెంటు రంపం, ట్రాక్ సా, కొనుక్కున్నవాళ్లు, కొనాలనుకుంటున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది కూడా రైలు ఎంత పొడుగుది తీసుకోవాలనే. అందుకని మొదటి నుంచీ చెప్తాను.

ముందు మా పాత పద్ధతి. మా వైపు చాలామంది మేస్త్రీలు ఇప్పటికీ మార్బుల్ కట్టర్‌కి చెక్క బ్లేడు వేసి కోస్తారు. షీటు మీద అల్యూమినియం బాక్స్ పైపు పెట్టి, రెండు చివర్లా సీ క్లాంపులు బిగించి, పైపుకి ఆనించి కట్టర్ తోస్తారు. గీత ఒకచోట, పైపు ఒకచోట. మధ్య దూరం ప్రతిసారీ కొలవాలి, ఒక్కసారి మరిచిపోతే షీటు పోయినట్టే. ట్రాక్ సాలో ఆ గొడవ లేదు. రైలు అంచుకి రబ్బరు పట్టీ ఉంటుంది. మొదటిసారి సా నడిపినప్పుడు బ్లేడు ఆ పట్టీని తన గీతకి సరిగ్గా కోసుకుంటుంది. ఆ తర్వాత పట్టీ అంచు ఎక్కడుంటే కోత అక్కడే. గీత మీద అంచు పెట్టి కోసుకుపోవడమే. అది చూసి మనసు పడి కొన్నాను.

కొన్నప్పుడు రైలు విషయంలో నా లెక్క వేరేగా ఉంది. బిస్సంకటక్‌కో గుణుపురానికో బస్సులోనో ఆటోలోనో వెళ్లాలి, ఇళ్లల్లో మెట్లు ఇరుకు. పొడుగు రైలు ఎక్కడ మోస్తాం? మీటరువి రెండు ముక్కలు తీసుకుని జాయింటు పట్టీలతో కలిపితే రెండు మీటర్లవుతుంది కదా అనుకున్నాను. కొట్టతను కూడా అదే అన్నాడు. "రెండు మీటర్లు గురూ, దేనికైనా సరిపోద్ది." నాలుగడుగుల షీటంటే 1220 మిల్లీమీటర్లే, ఇంకా 780 మిగులుతుంది. ఇంతకన్నా ఏం కావాలి?

ఆ లెక్కలో ఉన్న తప్పు అప్పుడు కనపడలేదు. మీటరు ముక్కలు రెండు కలిపినప్పుడు జాయింటు సరిగ్గా 1000 దగ్గర వస్తుంది. షీటు వెడల్పు 1220. రైలుని ముందుకి జరిపినా వెనక్కి జరిపినా ఆ జాయింటు షీటు బయటికి పోదు, ఎక్కడో ఒకచోట షీటు మీదే ఉంటుంది. అంటే నేను చేసే ప్రతి అడ్డకోతా జాయింటు మీదుగా పోవాల్సిందే.

కోత మేడ మీద పెట్టుకున్నాం. పైన టార్పాలిన్ కట్టి, కింద ప్లైవుడ్ రద్దు చీలికలు పరిచి, వాటి మీద షీటు వేశాం. అల్మరా ఎత్తు ఏడడుగులు, లోతు రెండడుగులు. సైడు ప్యానెళ్లకి ముందు షీటుని అడ్డంగా 2100 దగ్గర కోసి, తర్వాత నిలువుగా రెండుగా చీల్చాలి. రెండు షీట్ల నుంచి నాలుగు నిలువు ప్యానెళ్లు వస్తాయి. అడ్డకోతలు రెండే. పది నిమిషాల పని.

మాస్టారు కుర్చీ వేసుకుని చూస్తున్నారు. నేను రైలు ముక్కలు రెండూ కలిపి స్క్రూలు బిగిస్తుంటే అడిగారు.

"ఏటి బాబూ, రైలు మధ్యలో అతుకుందే. బండి పట్టాలు తప్పదా?"

రైలు స్టేషన్ పక్కన ఉండే మనిషి అలాగే అడుగుతారు. నవ్వేసి, "తప్పదు మాస్టారూ, లోపల రెండు స్టీలు పట్టీలున్నాయి" అన్నాను.

సాయంత్రం ప్యానెళ్లు నిలబెట్టి కింద పలక మీద పెడితే రెండు నికరంగా కూర్చున్నాయి. మిగిలిన రెండు ఊగాయి. మా కుర్రాడు ఒడియా అబ్బాయి, తెలుగు మనలాగే మాట్లాడతాడు. మూలమట్టం తెచ్చి పెట్టి, "భాయ్, మధ్యలో బొడిపె ఉంది" అన్నాడు. ఊగినవి రెండూ ఒకే వైపు నుంచి వచ్చినవి, ప్రతి షీటులోనూ జాయింటు పడ్డ వైపు ముక్క.

నాకు మొదట వచ్చిన అనుమానం షీటు మీద. ఫ్యాక్టరీ అంచు వంకరేమో అనుకున్నాను. తర్వాత కర్ణాలు కొలిచాను. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. 2100కి 1220 ముక్కలో అడ్డకోత ఒక చివర 2 మిల్లీమీటర్లు తప్పినా రెండు కర్ణాల మధ్య తేడా 1.7 మిల్లీమీటర్లే వస్తుంది. ఎవరో ఒకరు టేపు కొక్కెం కొంచెం వదులుగా పట్టుకుంటే ఆ తేడా కనపడకుండా పోతుంది. కాబట్టి కర్ణాలు సరిపోయాయని ధీమాగా ఉండకూడదు. అడ్డకోత మట్టం చూడటానికి నాకు నచ్చిన పద్ధతి పాతదే. పొడుగు అంచు మీద 900, అడ్డం అంచు మీద 1200 గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య 1500 వస్తుందా చూడటం. నాలుగడుగుల షీటుకి ఈ కొలతలు చక్కగా ఇముడుతాయి.

మాస్టారు అప్పుడే లేచొచ్చి, "పైథాగరస్ బాగానే ఉన్నాడు గానీ నీ పట్టా సంగతి చూడు" అన్నారు. ఆ మాటతో రైలు పరీక్ష పెట్టాను.

పరీక్ష చాలా తేలిక. కలిపిన రైలుని షీటు మీద పెట్టి అంచు పొడుగునా పెన్సిల్ గీత గీయాలి. తర్వాత రైలుని చివరకి చివర తిప్పి, అదే అంచుని గీతకి అవతలి వైపు నుంచి ఆనించాలి. రైలు తిన్ననిదైతే గీత మొత్తం అంచుకి అంటుకుంటుంది. వంకరుంటే మధ్యలోనో చివర్లలోనో సందు కనపడుతుంది, కనపడేది అసలు వంకరకి రెట్టింపు. సందు కొలవడానికి గేజులు అక్కర్లేదు, మైకా ముక్కలున్నాయి కదా. మామూలు మైకా 1 మిల్లీమీటరు మందం. మా రైలు సందులో మూడు మైకా ముక్కలు దూరాయి. అంటే అసలు వంకర మిల్లీమీటరున్నర. రెండు మీటర్ల రైలుకి అది, అందులో మేము వాడిన 1220 భాగంలో 0.8 దాకా పడింది. వినడానికి చిన్నదే. నిలబెట్టే ప్యానెల్‌కి, ఎడ్జ్ బ్యాండ్ అతికించే అంచుకి అది చాలా ఎక్కువ.

కారణం విప్పి చూస్తే తెలిసింది. జాయింటు పట్టీ కూర్చునే గాడిలో పొట్టు చేరింది. ఒక వైపు స్క్రూ ముందు బిగించి, రెండో వైపు తర్వాత బిగించినప్పుడు రైలు ముక్కలు కొంచెం కోణంలో లాగుకున్నాయి. రైలు తయారీలో తప్పేం లేదు, బిగించినవాడిదే తప్పు. గాడి దులిపి, ఆరడుగుల అల్యూమినియం పైపు అంచుకి ఆనించి మళ్లీ బిగిస్తే సందు ఒక మైకా ముక్కకి దిగింది. అయితే ప్రతి ఊళ్లో, ప్రతి మేడ మీద, ప్రతి రోజూ ఇలా పైపు పెట్టి సరిచూసుకుంటూ కూర్చునే ఓపిక నాకు లేదు. ఒక పూట ఉంటుంది, ఇంకో పూట ఉండదు. ఉండని పూటే తప్పు జరుగుతుంది.

కాబట్టి అడ్డకోతకి ఒకటే ముక్క రైలు కావాలని తేలిపోయింది. ఇక ఎంత పొడుగు?

చాలామంది షీటు వెడల్పు చూసి దానికి కొంత కలుపుతారు. నేనూ అంతే చేసేవాణ్ణి. చూడాల్సింది షీటుని కాదు, మెషిన్ ఎక్కడ నిలబడుతుందో. కోత మొదలయ్యే ముందు మెషిన్ రైలు మీద నిలబడాలి, బ్లేడు షీటుకి తగలకుండా కిందికి దిగాలి, అప్పుడు ముందుకి పోవాలి. చివర్లో బ్లేడు షీటు దాటే దాకా కూడా మెషిన్‌కి కింద ఆధారం ఉండాలి.

నా మెషిన్ బ్లేడు 165 మిల్లీమీటర్లది. 18 ప్లైకి కింద 3 మిల్లీమీటర్లు దిగేలా పెడతాను. లోతు స్కేలు పెట్టేటప్పుడు రైలు మందం కూడా కలుపుకోవాలి, అది వేరే సంగతి. షీటు పైముఖం దగ్గర చూస్తే బ్లేడు 21 మిల్లీమీటర్లు లోపల ఉంటుంది. అలా ఉన్నప్పుడు పైముఖం మీద బ్లేడు మధ్య నుంచి ముందు పన్ను దాకా 55 మిల్లీమీటర్లు. మాస్టారు కాగితం మీద వృత్తం గీసి ఒక్క నిమిషంలో తేల్చారు. నేను షీటు అంచు పక్కన బ్లేడు దింపి టేపు పెట్టి చూస్తే అదే వచ్చింది. బేస్ ప్లేటు, అంటే మెషిన్ రైలు మీద ఆనే అడుగు పలక, 310 పొడుగు, బ్లేడు మధ్య భాగం వెనక అంచు నుంచి 150 దూరంలో ఉంది.

ఇప్పుడు కోత మొదట్లో చూడండి. బ్లేడు ముందు పన్ను షీటుకి ఇవతలే ఉండాలంటే బ్లేడు మధ్య 55 వెనక ఉండాలి. దాని వెనక బేస్ ఇంకో 150. మొత్తం 205 మిల్లీమీటర్ల రైలు షీటు బయట కావాలి. చివర్లో లెక్క వేరు. బ్లేడు గుండ్రంగా ఉంటుంది కాబట్టి షీటు కింది అంచుని ముందు పన్ను దాటేసరికి బ్లేడు మధ్య భాగం ఇంకా షీటు మీదే, అంచుకి 22 మిల్లీమీటర్లు ఇవతల ఉంటుంది. అప్పటికే కోత పూర్తి. ముందు వైపు బేస్ 160, అందులో 22 తీస్తే 138. కాబట్టి మొదటి వైపు 205, చివరి వైపు 138. షీటు 1220 కలిపితే 1563.

నా మెషిన్‌కి నాలుగడుగుల షీటు మీద బేస్ ఎక్కడా గాల్లోకి పోకుండా కోయడానికి కావాల్సిన రైలు అంత. మొదటి వైపు ఎక్కువ, చివర తక్కువ కావాలన్నది నాకు కొత్తగా తెలిసింది. అంతకుముందు ఈ తేడా చూసుకోకుండానే రైలు పెట్టేవాణ్ణి. మీ బేస్ కొలత మీరే టేపు పెట్టి తీసుకోండి, మెషిన్ మెషిన్‌కీ మారుతుంది.

బజారులో దొరికే పొడుగులు ఈ లెక్క చూసి తయారుచేసినవి కావు. ఫెస్టూల్ కంపెనీ రైళ్లలో 800, 1080, 1400, 1900, 2700, 3000 ఉంటాయి. మకీటాలో ఎక్కువగా కనపడేది 1400, పెద్దది 3000. బాష్‌లో 800, 1100, 1600, 2100, 3100. ఆ 1600 చూస్తే నా 1563కి కొలిచి చేసినట్టుంది. కానీ బాష్ రైలు గాడి వేరు, మకీటా రకం సా దాని మీద కూర్చోదు. మకీటా, ఫెస్టూల్ రైళ్లు మాత్రం ఒకదాని సా ఇంకోదాని మీద నడుస్తాయి. కాబట్టి ముందు మెషిన్ ఏదో తేల్చుకుని, ఆ తర్వాతే రైలు పొడుగు గురించి ఆలోచించాలి. నా మెషిన్ గాడికి 1400, 1900 రెండే దారులు.

1900 తీసుకుంటే బేస్ గురించి టెన్షన్ ఉండదు. షీటుకి రెండు వైపులా 340 చొప్పున మిగులుతుంది. నేనూ మొదట దాని వైపే మొగ్గాను. రెండు విషయాలు ఆపాయి. ఒకటి, ఆ మాస్టారింటి మెట్ల మలుపు. షీట్లే ముగ్గురం పట్టి నిలబెట్టి తిప్పి ఎక్కించాం. రైలు చేతిలో పట్టుకుని వంద సార్లు ఎక్కి దిగితే ఎప్పుడో ఒకప్పుడు గోడకి తగులుతుంది. అల్యూమినియం రైలు ఒకసారి వంగితే మళ్లీ తిన్నగా రాదు. రెండోది, షీటు బయట అడుగు పైగా గాల్లో వేలాడే రైలు మీద మెషిన్ బరువు పెడితే అది కిందికి వంగుతుంది. వంగిన రైలు మీద నుంచి మెషిన్ షీటు మీదికి ఎక్కితే మొదటి రెండు మూడు అంగుళాల కోత కొంచెం వాలుతుంది. కింద చెక్క ముక్క పెట్టి ఆనిస్తే ఆ సమస్య ఉండదు. చెక్క ముక్క ఎలాగూ పెట్టేటప్పుడు 1400తోనే ఎందుకు సరిపెట్టుకోకూడదు అనిపించింది.

1400కి షీటు బయట మిగిలేది 180. కావాల్సింది 343. దాదాపు ఆరున్నర అంగుళాలు తక్కువ. ఆ 180ని ఎలా పంచాలన్నదే ముఖ్యం. మొదటి వైపు 110, చివరి వైపు 70 వదిలాను. మొదట్లో బేస్ వెనక భాగం 95 మిల్లీమీటర్లు రైలు దాటి ఉంటుంది, 215 రైలు మీద ఉంటుంది. చివర్లో ముందు భాగం 68 బయటికి వస్తుంది, 242 రైలు మీదే. రెండు చోట్లా బేస్‌లో మూడింట రెండొంతులకి పైగా ఆధారం మీదే ఉన్నట్టు. మొదట్లో ముందు పిడి మీద బరువు వేస్తే మెషిన్ కదలదు. వెనక పిడి మీద బరువు వేస్తే ముక్కు లేస్తుంది. కొత్త కుర్రాళ్లు చేసేది ఇదే, ఎందుకంటే స్విచ్ వెనక పిడి మీద ఉంటుంది.

వీటితో పాటు షీటుకి రెండు చివరలా అదే 18 ప్లై రద్దు ముక్కలు తోసి పెట్టాను, జానెడు వెడల్పువి. రైలు చివర్లు వాటి మీద ఆనతాయి కాబట్టి వంగవు. చివరి వైపు ముక్క ఇంకో మేలు చేసింది. బ్లేడు షీటు దాటే చోట చివరి పొర చిట్లకుండా ఆ ముక్క పట్టుకుంటుంది. రద్దు ముక్కకి ఒక చిన్న మేకు కొట్టి కింద పరిచిన చీలికకి బిగించాం, లేకపోతే బ్లేడు దాన్ని తోసుకుపోతుంది.

సగం గాల్లో మొదలుపెట్టడం ఇష్టం లేక కొందరు మెషిన్‌ని షీటు మీద పెట్టి మధ్యలో బ్లేడు దింపి, వెనక్కి లాగి అంచు కోస్తారు. అది చేయకండి. బ్లేడు వెనక్కి నడిచినప్పుడు షీటుని పట్టుకుని మెషిన్‌ని మన మీదికి ఎగదోస్తుంది. మైకా వేసిన షీటు మీద మొదట 2 మిల్లీమీటర్లు మాత్రమే దింపి గీటు పెట్టడం వేరు, దానికి మెషిన్‌లో వేరే స్టాపు ఉంటుంది. పూర్తి లోతులో వెనక్కి లాగడం వేరు.

రైలు కోసం పొద్దున పాసింజర్‌లో విశాఖ వెళ్లాను. ఈసారి కొట్లోనే గాజు కౌంటర్ మీద కాగితం పరిచి గీత పరీక్ష పెట్టాను. రబ్బరు పట్టీ ఇంకా కోయలేదు కాబట్టి దాన్ని చూడకుండా అల్యూమినియం అంచుకే గీశాను. కొట్టతను వింతగా చూశాడు. రెండో రైలు నచ్చింది, మొదటి దానిలో వెంట్రుక వాసి సందుంది. తిరుగు ప్రయాణంలో అట్టపెట్టె పై బెర్త్ మీద అడ్డంగా పెట్టుకున్నాను. పార్వతీపురం దాకా అందరూ అందులో ఏముందని అడుగుతూనే ఉన్నారు.

ఊగిన ప్యానెళ్లు రెండూ, బాగున్నవి రెండూ కలిపి నాలుగూ మళ్లీ కోశాం. విడివిడిగా కాకుండా షీటు వారీగా రెండేసి పక్కపక్కన పెట్టి, 900, 1200, 1500 చూసుకుని, ఒకే కోతలో. నాలుగూ సమానంగా రావాలంటే చివరి అంచు నుంచి 6 మిల్లీమీటర్లు పోవాల్సి వచ్చింది. అల్మరా 2100 నుంచి 2094 అయింది. మాస్టారికి చెప్పి, అల్మరా అడుగున వచ్చే స్కర్టింగ్ పట్టీ ఎత్తు ఆ మేరకి పెంచాం. "ఆరు మిల్లీమీటర్లంటే సుమారు రెండు సూత్‌లు కదా, పోనీలే" అన్నారాయన. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, ఈ ప్రాంతంలో వడ్రంగులంతా వాడే మాటే. ఆ రోజు కూలీ నేనే పెట్టుకున్నాను.

తర్వాత వచ్చిన పనుల్లో 1400 సరిపోని చోట్లు రెండే. ఒకటి, మేడ మెట్ల కింద వాలుగా ఉండే అరల తలుపులు. షీటుని 30 డిగ్రీల వాలులో అడ్డంగా కోయాలంటే గీతే 1409 మిల్లీమీటర్లవుతుంది, రైలు గీత కన్నా చిన్నదైపోతుంది. అక్కడ ముందు షీటుని నిలువుగా చీల్చి, సన్న ముక్కల మీద వాలు కోశాను. రెండోది 8కి 6 అడుగుల ప్రీలామినేటెడ్ బోర్డు, అంటే పైపొర ముందే అతికించి వచ్చేది. 1830కి 180 కలిపినా 2010 కావాలి. మా వైపు ఆ సైజు తక్కువ, వచ్చినప్పుడు కొన్న కొట్లోనే ప్యానెల్ సా మీద అడ్డకోత కోయించుకుని తెచ్చుకుంటున్నాను.

నిలువు కోతలకి ఆరు నెలల తర్వాత ఇంకో 1400 కొన్నాను. రెండూ కలిపితే 2800. ఎనిమిదడుగుల షీటు 2440కి 343 కలిపితే 2783, పదిహేడు మిల్లీమీటర్లు మిగులుతుంది. అక్కడ జాయింటు తప్పదు. పైపు పెట్టి సరిచూసి బిగించి, ఆ రోజు నిలువు కోతలన్నీ ఒకేసారి కోసి విప్పేస్తాను. జాయింటు కట్టిన రైలుతో అడ్డకోత మాత్రం ఒక్కటీ కోయను, ఎంత తొందరున్నా.

పాత మీటరు ముక్కల్లో ఒకటి మా కుర్రాడికి ఇచ్చాను. షట్టర్లు, సొరుగు ముఖాలు, రెండడుగుల లోపు ముక్కలు దాని మీదే కోస్తాడు. వాటికి అది చాలా సుఖం, ఒంటి చేత్తో పెట్టి తీయొచ్చు. రెండోది ఎండలో మేడ మీద మరిచిపోతే రబ్బరు పట్టీ జిగురు వదిలేసింది. పట్టీ మార్చాలి, ఇంకా మార్చలేదు.